పాఠకుల ప్రశ్నలు: చేపాక్ మహలు ఎవరిది?

ప్రశ్న: అయ్యా, మాది కోవూరు దగ్గర ఒక పల్లె. ఈమధ్య పాత ఇల్లు విప్పుతుంటే మా తాతగారి ట్రంకుపెట్టెలో కొన్ని కాగితాలు బయటపడ్డాయి. 1927 తుఫానులో పంట పోయిందనీ, శిస్తు వజా (తగ్గింపు) ఇప్పించాలనీ ఆయన మరుసటి ఏడాది పెట్టుకున్న అర్జీ నకలు వాటిలో ఉంది. అర్జీ ‘రెవిన్యూ బోర్డు, చేపాక్, మద్రాసు’ అనే చిరునామాకు వెళ్లింది. ఆ ఆఫీసు ఆర్కాటు నవాబు సముద్రపు ఒడ్డున కట్టించుకున్న మహల్లో ఉండేదని మా నాయన అంటారు. నవాబు మహలు శిస్తుల ఆఫీసు ఎట్లా అయింది? నవాబు అమ్ముకున్నాడా, దొరలు లాక్కున్నారా? ఆ అర్జీకి ఏం బదులు వచ్చిందో తెలుసుకునే దారి ఏదైనా ఉందా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: మీ నాయనగారు చెప్పింది నిజమేనమ్మా. మీ తాతగారి అర్జీ చేరిన చేపాక్ ఆవరణ 1768 నుంచి 1855 దాకా ఆర్కాటు నవాబుల నివాసం. దాన్ని ఏ నవాబూ తన చేతులతో అమ్మలేదు, దొరలు యుద్ధంలో గెలుచుకున్నదీ కాదు. మొదట అప్పులు, తర్వాత వారసుడు లేడన్న తీర్మానం, చివరికి వేలం పాట, వీటి మీదుగా అది సర్కారు పరమైంది. ఈ కథలో మొదటినుంచి చివరిదాకా మన నెల్లూరు, ఒంగోలు సీమల శిస్తు సొమ్ము ఉంది కనుక కొంచెం నిదానంగానే చెబుతాను.

మహమ్మదాలీ వాలాజా 1749లో నవాబుగిరికి వచ్చాడు. ఆ పదవి కోసం చందాసాహెబుతో జరిగిన పోరులో ఫ్రెంచివారు చందాసాహెబు వైపు, ఇంగ్లీషు కంపెనీవారు మహమ్మదాలీ వైపు నిలిచారు. గెలిచిన తర్వాత కూడా ఆయన ఆర్కాటుకు పోయి కొలువు తీరకుండా, కంపెనీ ఫిరంగుల అండన మద్రాసులో ఉండడమే క్షేమమనుకున్నాడు. మొదట సెయింట్ జార్జి కోట లోపలే మహలు కట్టుకుందామనుకున్నాడు. ఆ సంకల్పం నెరవేరకపోయినా కోటలో ఒక వీధికి ప్యాలెస్ స్ట్రీట్ అనే పేరు మిగిలిపోయింది. ఆ తర్వాత కోటకు దక్షిణంగా, కూవం నది దాటగానే, తిరువల్లిక్కేణిని ఆనుకుని ఉన్న చేపాకులో చోటు చూసుకున్నాడు. 1768 నాటికి అక్కడ రెండు భవనాలు లేచాయి. వాటి పేర్లు హుమాయూన్ మహల్, కలస్ మహల్. సముద్రం వైపు ఎనిమిది పలకల స్నానమందిరం ఒకటి ఉండేది, దాన్ని మెరైన్ విల్లా అనేవారు. ప్రహరీ లోపలి నేల మొత్తం 117 ఎకరాలు.

కట్టించిన ఇంజనీరు పాల్ బెన్‌ఫీల్డ్ అని మద్రాసు చరిత్ర రాసినవారు చెబుతూ వచ్చారు. ఈ పేరు గుర్తుంచుకోవాలి. కంపెనీ కొలువులో చేరి, కోట గోడల కాంట్రాక్టులు చేసి, నవాబుకు అప్పులిచ్చినవారిలో అందరికంటె పేరుమోసినవాడు ఇతడే. తనను గద్దె మీద నిలిపిన యుద్ధాల ఖర్చు నవాబే కంపెనీకి చెల్లించాలి. ఆ చెల్లింపు కోసం ఆయన కంపెనీ ఉద్యోగుల దగ్గరే, నూటికి ఇరవైకి మించిన వడ్డీలకు, సొంత అప్పులు చేశాడు. దొరగారి కంపెనీకి కట్టవలసిన సొమ్మును దొరగారి జేబులోంచే వడ్డీకి తెచ్చి కట్టడమన్నమాట. హామీగా ఆయన నగలనో మహలునో పెట్టలేదు. ఫలానా సీమలో వచ్చే శిస్తు ఫలానా దొరకు చెందాలని ‘తన్‌ఖ్వా’ పత్రాలు రాసిచ్చాడు.

ఇక్కడ మన ఊళ్లు వస్తాయి. నెల్లూరు, ఒంగోలు, పల్నాడు నవాబు సీమలోవే. ఆనాటి కంపెనీ పట్టికల్లో ఈ మూడు పేర్లూ ఒకదాని పక్కన ఒకటిగా కనిపిస్తాయి. నెల్లూరు మీద నవాబు తమ్ముడు నజీబుల్లా అధికారిగా ఉండేవాడు. 1757లో అతడు అన్నకు ఎదురుతిరిగితే కంపెనీ పంపిన కర్నల్ ఫోర్డు నెల్లూరు కోటను ముట్టడించి, గెలవలేక వెనుదిరిగాడు. అన్నదమ్ముల తగవు తర్వాత సర్దుకుంది కాని రైతుకు అందువల్ల ఒరిగిందేమీ లేదు. తన్‌ఖ్వా పత్రం చేతికి వచ్చిన దొర తానుగా పల్లెకు రాడు. సీమను ఇజారాకు (శిస్తు వసూలు గుత్తకు) తీసుకున్నవాడు ముందుగానే సావుకారు దగ్గర సొమ్ము తెచ్చి దొరకు కడతాడు, ఆ అసలూ వడ్డీ రాబట్టుకోవడానికి పంట కళ్లంలో ఉండగానే రైతు మీద పడతాడు. చేపాకులో వెలిగిన ప్రతి దీపంలోనూ పెన్నా దిగువ మాగాణిలో పండిన గింజ ఎంతో కొంత కాలిందని నేను నమ్ముతాను.

ఈ అప్పులు మద్రాసు ప్రభుత్వాన్నే తలకిందులు చేశాయి. తంజావూరు శిస్తు మీద బెన్‌ఫీల్డ్ చూపిన హక్కును ఒప్పుకోని గవర్నరు పిగట్‌ను 1776లో ఆయన సొంత కౌన్సిలు సభ్యులే నిర్బంధించారు. మరుసటి ఏడాది ఆయన నిర్బంధంలోనే కన్నుమూశాడు. 1785 ఫిబ్రవరి 28న ఎడ్మండ్ బర్క్ లండను పార్లమెంటులో ఆర్కాటు నవాబు అప్పుల మీద చేసిన సుదీర్ఘ ప్రసంగంలో బెన్‌ఫీల్డ్ పేరు ఎత్తి మరీ దుయ్యబట్టాడు. తరువాతి శతాబ్దంలో ఈ అప్పుల లెక్క తేల్చడానికి ప్రత్యేకంగా కమిషనర్లను నియమిస్తే, వచ్చిన దావాల మొత్తంలో నిజమని తేలింది పదో వంతు కూడా లేదు.

మిగిలిన మెట్లు త్వరత్వరగా దిగిపోయాయి. 1792 ఒడంబడికతో వెంకటగిరి, కాళహస్తి వంటి సంస్థానాలు నవాబుకు కట్టే పేష్కషు (కప్పం) కంపెనీకి మారింది. 1795లో మహమ్మదాలీ చనిపోయాడు. 1801 జులైలో ఆయన కొడుకు ఉమ్దతుల్ ఉమ్రా కూడా పోగానే, కంపెనీ తనకు ఇష్టుడైన అజీముద్దౌలాను గద్దె మీద కూర్చోబెట్టి, అదే నెల 31న సీమ మొత్తం పాలన రాయించుకుంది. నెల్లూరు, ఒంగోలు కంపెనీ కలెక్టరు కిందికి వచ్చింది అప్పుడే. నవాబుకు బిరుదు, మహలు, కర్ణాటక సీమ (అంటే ఆర్కాటు నవాబులు ఏలిన సీమ) నికర ఆదాయంలో అయిదో వంతు మిగిలాయి. అంటే 1801 తర్వాత మన రైతు కలెక్టరు కచేరీలో కట్టిన శిస్తులో కూడా కొంత చేపాకుకు నడిచిపోతూనే ఉంది.

1855 అక్టోబరులో నవాబు గులాం గౌస్ ఖాన్ పిల్లలు లేకుండా చనిపోయాడు. ఆయన పినతండ్రి అజీమ్ జా బతికే ఉన్నా, గవర్నరు జనరల్ డల్హౌసీ హయాంలో నవాబు పదవిని రద్దు చేశారు. చనిపోయిన నవాబు ఆస్తిని అజమాయిషీ చేసి అప్పులు తీర్చడానికని 1858లో 30వ నంబరు చట్టం తెచ్చారు. ఆ అప్పుల కిందనే మహలు వేలానికి వచ్చింది. 1859లో ప్రభుత్వమే రూ. 5,89,000కు దాన్ని పాడుకుంది.

ఇక మీరు అడిగిన ‘అమ్ముకున్నాడా, లాక్కున్నారా’ అన్నదానికి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కాగితం మీద అది వేలం. కాని వారసుడు లేడని తేల్చింది, అప్పులకు చట్టం చేసింది, ఆస్తిని వేలానికి పెట్టింది, చివరికి పాట పాడి దక్కించుకుంది ఒక్క చెయ్యే. ఒక పల్లెలో పెద్దకాపు ఈ నాలుగు పనులూ తానే చేస్తే ఊరివాళ్లు దాన్ని ఏమంటారో, చేపాక్ వేలాన్ని కూడా నేను అదే అంటాను.

సర్కారు చేతికి వచ్చాక మహలు రూపు మార్చినవాడు వాస్తుశిల్పి రాబర్ట్ చిషోమ్. హుమాయూన్, కలస్ మహళ్ల మధ్య ఎత్తయిన బురుజు కట్టి రెంటినీ కలిపాడు. సముద్రం వైపున ఆఫీసుల కోసం అదే ధోరణిలో కొత్త భాగాలు చేర్చాడు. నేను అక్కడ నిలబడి చూసినప్పుడు నవాబు కట్టడం ఎక్కడ ఆగి చిషోమ్ కట్టడం ఎక్కడ మొదలైందో గుర్తు పట్టడానికి చాలాసేపు పట్టింది. తోరణాల వంపు, గుమ్మటాల తీరు అంతగా కలిసిపోయాయి. కొత్తగా చేర్చేదాన్ని పాతదానితో అంత మర్యాదగా కలిపినవారు ఆ కాలంలోనే కాదు, ఈ కాలంలోనూ అరుదు. కలస్ మహల్లో 1862 నుంచి 1920 దాకా ఇంజనీరింగు కాలేజీ నడిచి, తర్వాత గిండీకి మారింది. 1786లో ఏర్పడిన రెవిన్యూ బోర్డు ఈ ఆవరణలో కుదురుకుంది. కరణం లెక్క మీద తహసీలుదారు, తహసీలుదారు మీద డిప్యూటీ కలెక్టరు, ఆయన మీద కలెక్టరు, ఆ పైన బోర్డు. మీ తాతగారి అర్జీ ఈ మెట్లన్నీ ఎక్కే చేపాకుకు చేరి ఉంటుంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక నెల్లూరు రైతు అర్జీ చేపాకుకు పోయే అవసరం తీరింది. మన రాష్ట్రంలో బోర్డు స్థానంలో కమిషనర్లు వచ్చింది 1977 చట్టంతో.

అర్జీకి వచ్చిన బదులు విషయం చివరలో చెబుతాను. ఈ మహలు మీదే మరి రెండు ఉత్తరాలు వచ్చాయి.

ప్రశ్న: నిరుడు మద్రాసు వెళ్లినప్పుడు చేపాక్ మహలును రోడ్డు మీద నుంచి చూశాను. సముద్రం కనబడాలంటే రోడ్డు దాటి ఇసుకలో ఎంతో దూరం నడవాల్సి వచ్చింది. దాన్ని సముద్రపు ఒడ్డు మహలు అనడం సబబేనా? క్రికెట్ మైదానం కూడా నవాబు నేలేనా?
– ఒక పాఠకుడు, కందుకూరు

జవాబు: నవాబు కాలానికి సబబే. ఆయన చూసిన సముద్రం ఇంత దూరంలో లేదు. 1870లలో మద్రాసు రేవుకు గోడలు కట్టడం మొదలుపెట్టారు. మన కోస్తాలో ఏడాది మొత్తం మీద ఇసుక ఎక్కువగా దక్షిణం నుంచి ఉత్తరానికి సాగుతుంది. ఆ ఇసుకకు రేవు గోడ అడ్డు తగలడంతో దక్షిణాన మేట వేసింది, ఉత్తరాన రాయపురం వైపు ఒడ్డు కోసుకుపోయింది. నేటి మెరీనా వెడల్పులో పెద్ద భాగం అట్లా పేరుకున్నదే. గవర్నరు గ్రాంట్ డఫ్ 1884లో ఆ తీరం వెంట విహారమార్గం వేయించి మెరీనా అని పేరు పెట్టాడు. నవాబు మహలుకు, నవాబు సముద్రానికి మధ్య ఈ విధంగా మొదట ఇసుక, తర్వాత బాట, ఆ తర్వాత ఊరు వచ్చి చేరాయి.

మహలుకు పడమటి పక్కన కూడా నీటిదారి ఉంది, మీ కందుకూరు సీమకు అది పరాయిది కాదు. బకింగ్‌హాం కాలువ పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలువతో కలిసి, అక్కడి నుంచి మన తీరం వెంబడి కృష్ణపట్నం, దుగరాజపట్నం, పులికాటు మీదుగా మద్రాసు చేరుతుంది. మద్రాసులో కూవం, అడయారు నదులను కలిపే ముక్కను 1877-78లో, ధాత కరువు రోజుల్లో, కూలి పనిగా తవ్వించారు. చేపాక్ వెనుక నుంచి పోయేది ఆ ముక్కే. 1899లో రైలు కలవకముందు శ్రీహరికోట కట్టెలు, మన తీరపు ఉప్పు పడవల్లో మద్రాసు చేరింది ఈ కాలువ మీదనే. ఇప్పుడు ఆ మురికినీటి పక్కన నిలబడితే ఇది మన పడవ కాలువేనా అని మనసు కలుక్కుమంటుంది.

మైదానం సంగతి: అవును, అది నవాబు ఆవరణలోదే. మహలు సర్కారు పరమయ్యాక 1865లో మద్రాసు క్రికెట్ క్లబ్బుకు ఆ చోటు ఇచ్చారు. మొదటి టెస్టు మ్యాచి జరిగింది 1934లో. ఉత్తరాన, కూవం వైపున, విశ్వవిద్యాలయానికి చిషోమ్ సెనేట్ హౌసు కట్టాడు. మెరైన్ విల్లా కూడా ఆ వైపునే ఉండి, విశ్వవిద్యాలయం పెరుగుతున్న క్రమంలో నేలమట్టమైంది. నాకు ఈ కథలో అన్నిటికంటె బాధ కలిగించే నష్టం అదే. మహలులో నేరుగా సముద్రాన్ని చూసిన ముఖం అదొక్కటి.

ప్రశ్న: నవాబు కుటుంబం ఏమైంది? 2012లో మహలు కాలిపోయిందని విన్నాను. ఇప్పుడు ఏమైనా మిగిలి ఉందా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: అజీమ్ జాకు నవాబు గద్దె దక్కలేదు కాని, 1867లో ‘ఆర్కాటు ప్రిన్సు’ అన్న బిరుదు, వంశపారంపర్యంగా పింఛను ఇచ్చారు. రాయపేటలో కచేరీలుగా వాడుతున్న పాత భవనాన్ని చిషోమ్ చేత నివాసంగా మార్పించి, అమీర్ మహల్ పేరుతో కుటుంబానికి ఇచ్చారు. 1876లో వారు అందులో చేరారు. ఇప్పటికీ ఉంటున్నది అక్కడే. 1971లో సంస్థానాధీశుల రాజభరణాలు రద్దయినప్పుడు కూడా ఈ బిరుదూ పింఛనూ నిలిచాయి. ఎందుకంటే ఇది భారతదేశంలో విలీనమైన సంస్థానానికి ఇచ్చిన భరణం కాదు, అంతకు వందేళ్ల ముందటి ఒప్పందం.

2012 జనవరిలో, సంక్రాంతి రోజుల్లో, కలస్ మహల్‌కు నిప్పంటుకుంది. పాత టేకు దూలాలు, కాగితాల కట్టలు ఉన్న చోట మంట ఆగలేదు. పైకప్పులు కూలాయి, ఆర్పడానికి వెళ్లిన అగ్నిమాపక అధికారి ఒకరు ప్రాణం కోల్పోయారు. పూర్తిగా పడగొట్టేస్తారేమోనని చరిత్ర తెలిసినవారు చాలా దిగులుపడ్డారు. అట్లా జరగలేదు. ప్రజాపనుల శాఖ పాత పద్ధతిలో సున్నం, ఇటుక, దూలాలతోనే దాన్ని తిరిగి నిలబెట్టింది. ఇప్పుడు అందులో జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ ప్రాంత ధర్మాసనం కొలువై ఉంది. శిథిలావస్థకు చేరిన హుమాయూన్ మహల్‌ను కూడా ఆ తర్వాత బాగుచేశారు. మన జిల్లాల్లో పాత కచేరీలకు కొంచెం బీటలు కనబడగానే కూల్చడానికి కాగితం తయారవుతుంది. అటువంటివారిని ఒకసారి కలస్ మహల్ మెట్లు ఎక్కించి తీసుకురావాలి.

మీరు అడగకపోయినా ఒక మాట. శిస్తు రూపంలో మన సీమకు అంత కష్టం తెచ్చిన నవాబు జ్ఞాపకం నెల్లూరులో మాత్రం భక్తి రూపంలో నిలిచింది. స్వర్ణాల చెరువు గట్టున బారాషహీద్ దర్గా రొట్టెల పండుగ పుట్టుక చెప్పేవారు, చాకలి దంపతుల కలలో షహీదులు కనబడ్డారనీ, సమాధుల దగ్గరి మట్టితో ఆర్కాటు నవాబు భార్య జబ్బు నయమైందనీ చెబుతారు. ఆ కథలో నవాబు మొక్కు తీర్చుకోవడానికి మన చెరువు దగ్గరికి వస్తాడు. శిస్తు ఎప్పుడూ ఇక్కడి నుంచి అక్కడికే పోయింది కాని, ఈ కథలో అక్కడివాడు ఇక్కడికి నడిచి వచ్చాడు. జనం కథను అట్లా చెప్పుకోవడం నాకెంతో ఇష్టం.

ఇక నెల్లూరు పాఠకురాలికి మిగిలిన జవాబు: మీ తాతగారి కాగితాల్లో బోర్డు నుంచి గాని కలెక్టరు నుంచి గాని వచ్చిన చీటీ ఏదైనా ఉందేమో చూడండి. దాని మీద ‘బి.పి. నం.’ అని, పక్కన అంకె, తేదీ ఉంటే అది బోర్డు ప్రొసీడింగ్సు నంబరు. బోర్డు ప్రొసీడింగ్సు సంపుటాలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఏళ్లవారీగా భద్రపరిచారు. పరిశోధకులకు, ఆసక్తి ఉన్నవారికి అర్జీ మీద చూడనిస్తారు. నంబరు లేకపోతే 1928, 1929 సంవత్సరాల సూచికల్లో నెల్లూరు జిల్లా, వజా అనే పద్దుల కింద వెతకాలి. మీ దగ్గరి నకలును మడతల మీద టేపు అంటించకుండా, పలచని బట్టలో చుట్టి, తడి తగలని చోట ఉంచండి. ఎగ్మూరు వెళ్లేటప్పుడు అసలు కాగితం కాకుండా దాని ఫొటో తీసుకువెళ్లండి. ఊరి పేరు, సర్వే నంబరు, తాతగారి పేరు ఆనాటి కాగితంలో ఏ అక్షరాలతో ఉన్నాయో ఆ అక్షరాలతోనే అడగండి.